గుంతలు పుట్టలైన వేళ

2017లో మేరీలాండ్‌లోని మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. పక్కనే కాలేజ్ పార్క్‌లో అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి తీసిన ఫిల్మును ఎవరైనా అడిగి చూడవచ్చని తెలియగానే ప్రాణం లేచివచ్చింది. ముప్పై ఏళ్లు పిల్లలకు జియాలజీ చెప్పి, స్టీరియోస్కోపు (పక్కపక్క నుంచి తీసిన రెండు ఫొటోలను రెండు కళ్లతో చూస్తే ఎత్తుపల్లాలు కనిపించే పరికరం) కింద కొండలు చూపించినవాణ్ని. 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యం దిగకముందు, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం ఎలా ఉండేదో చూడాలనిపించింది.

పాస్‌పోర్టు చూపిస్తే కార్డు ఇచ్చారు. పెన్నూ సంచీ లాకరులో పెట్టి, పెన్సిలుతో లోపలికి వెళ్లాను. చిక్కంతా ఆ తరువాతే. ఊరి పేరు చెబితే అక్కడ ఫొటో దొరకదు. అక్షాంశ రేఖాంశాల చదరాల వారీగా పారదర్శక షీట్లు ఉంటాయి. విమానం ఎటు ఎగిరిందో, ఎన్నో ఫొటో ఎక్కడ పడిందో వాటి మీద గీసి ఉంటుంది. షీటును మ్యాపు మీద పరిచి వెతుక్కోవాలి. అమెరికన్ సైన్యం దిగిన ఒమాహా బీచ్ గ్రీన్విచ్‌కు పడమట ఒక డిగ్రీ లోపు ఉంది. నేను మొదటి రోజంతా తూర్పు చదరం తిరగేసి, లె హావ్ర్ రేవు చుట్టూ ప్రదక్షిణలు చేశాను. తప్పు నాదే.

డబ్బాల నంబర్లు రాసిచ్చాక ఫిల్ము కాన్సాస్‌లోని లెనెక్సా నుంచి రావాలి. కళ్లు కాయలు కాశాక వచ్చింది. చేతులకు తొడుగులు వేసుకుని, కింద వెలుగున్న బల్ల మీద చుట్ట మెల్లగా తిప్పుతుంటే తీరం కదిలొచ్చింది. 24 అంగుళాల నాభ్యంతరం ఉన్న లెన్సుతో 24,000 అడుగుల పైనుంచి తీస్తే స్కేలు 1:12,000. అంటే ఫిల్ము మీద ఒక మిల్లీమీటరుకు నేల మీద 12 మీటర్లు. దిగే పడవలను ఆపడానికి జర్మన్లు ఇసుకలో పాతిన దుంగలు, ఇనుప దూలాలు అందులో చుక్కల్లా కూడా ఆనవు. అందుకే మే నెలలో తుపాకులు తీసేసి కెమెరాలు బిగించిన లైట్నింగ్ విమానాలు, సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసి, 50 అడుగుల లోపు ఎత్తులో కూడా తీరం వెంట దూసుకుపోయాయి. పోటు మీద ఆ అడ్డంకులు నీళ్లలో మునిగిపోతాయి మరి.

పక్కపక్క ఫ్రేములను నా కెమెరాతో తీసుకుని, ఇంట్లో ప్రింట్లు వేసి, జేబు స్టీరియోస్కోపు కింద పెట్టాను. ఒమాహాకు పడమట జర్మన్ల ఫిరంగుల స్థావరమైన పాయింట్ డ్యూ హాక్ కొండ అంచున బాంబుల గుంతలు ఉండాలి. పది నిమిషాలు చూశాను. అమ్మాయి వంగి చూసి, “నాన్నా, ఇన్ని పుట్టలేమిటి?” అంది. కుడి ప్రింటు ఎడమకు, ఎడమ ప్రింటు కుడికి పెట్టేశాను! ఈ పొరపాటుకే క్లాసులో ఎంతమందిని కసిరానో. ప్రింట్లు మార్చి, నీడలు నా వైపు పడేలా తిప్పగానే పుట్టలన్నీ ఒక్కసారిగా నేలలోకి దిగిపోయాయి.

అక్కడి ఫిరంగులను జర్మన్లు ముందే లోపలికి తరలించి, వాటి చోట దుంగలు పెట్టారు. ఆ సంగతి దాడికి వెళ్లిన అమెరికన్ సైనికులు రేంజర్లకు కొండ ఎక్కాకే కళ్లబడింది. ఆరు మీటర్ల గొట్టం నా ప్రింటు మీద అర మిల్లీమీటరు. రెండు రోజులు చూసినా అది దుంగో ఫిరంగో తేల్చలేకపోయాను.