లక్ష్మివారం, తవ్వేసిన వీధి

మార్గశిర లక్ష్మివారం, ఒడిశాలోని పర్లాకిమిడి.

పొద్దున లేచేసరికి మా వీధిలో ఒడియా వాళ్ళ గుమ్మాల ముందు బియ్యప్పిండితో వేసిన లక్ష్మీదేవి పాదాలు. ఇంట్లో మా అత్తయ్య పూజకి కూర్చున్నారు. బాబు బడికి బయల్దేరి, ఒక్క పాదం కూడా తొక్కకుండా చూసుకుంటూ నడిచాడు. వాడికి ఎనిమిదేళ్ళు. ఆటిజం ఉందని నాలుగో ఏట తెలిసింది.

బడికి రోజూ ఒకటే దారి. మందుల షాపు బోర్డు, కుట్టు మిషన్ల కొట్టు బోర్డు, మిల్లు గోడ. ఒడియాలో ఉన్నది ఒడియాలో, తెలుగులో ఉన్నది తెలుగులో పైకి చదువుతాడు. ఇవాళ మలుపు తిరిగేసరికి నీళ్ళ పైపు కోసం రోడ్డు అడ్డంగా తవ్వేసి ఉంది. తవ్వుతారని నిన్న సాయంత్రమే మా ఆయన చెప్పారు. పూజ సామాన్ల హడావిడిలో బాబుకి చెప్పడం మర్చిపోయాను. తప్పు నాది.

వాడు అక్కడే కూర్చుండిపోయి, చెవులు మూసుకుని అరిచాడు. ఎవరో "రెండు తగిలించు, అదే లేస్తాడు" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నా గుండె మండుతుంది. వాడు మొండికేయడం లేదు. తెలిసిన లోకం చెప్పాపెట్టకుండా మారిపోతే వాడికి కాలికింద నేల జారినట్టు ఉంటుంది. అప్పుడు గట్టిగా మాట్లాడినా, చెయ్యి పట్టి లాగినా భయం ఇంకా పెరుగుతుంది. నేను పక్కన కూర్చుని ఏమీ మాట్లాడలేదు. చింతపండు అమ్మే ఆమె తన గంప అడ్డం పెట్టి, జనాన్ని అటువైపు నుంచి పొమ్మంది. ఏమీ అడగలేదు. ఇరవై నిమిషాలకి వాడి ఊపిరి కుదురుకుంది. అప్పుడు సంచిలోంచి కాగితం తీసి కొత్త దారి గీశాను: గుడి, పాల బూత్, బడి. వేలు పెట్టి మూడుసార్లు చూసుకుని లేచాడు.

ఆలస్యంగా వెళ్ళినా టీచరమ్మ ఒక్క మాట అనలేదు. ఆమె ఒడియా ఆమె. గంట కొట్టే ముందు వాడి దగ్గరకొచ్చి, "ఇంకా ఐదు నిమిషాలే" అని తెలుగులో చెబుతుంది. నన్ను అడిగి నేర్చుకున్న మాట అది. గంటకి దూరంగా, తలుపు పక్కన వాడికి చోటిచ్చింది. భోజనంలో అన్నం, డాల్మా (కూరగాయలు వేసి చేసే ఒడియా పప్పు) కలపకుండా వేరువేరుగా వడ్డించమని వంటామెకి చెప్పింది. వీటిలో డబ్బు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు.

అంతకుముందు ఒక బడివాళ్ళు "ఇలాంటి పిల్లల్ని మేం చూడలేం" అని పంపేశారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం కూడా ఉందని, గుర్తింపు ఉన్న బడి వివక్ష లేకుండా చేర్చుకోవాలని మాకు అప్పుడు తెలియదు. తెలిసుంటే అంత ఏడ్చేదాన్ని కాదు.

ఇంకో మాట కూడా రాసుకోవాలి. మొదట్లో ఒకరు, రెండు భాషలైతే పిల్లాడు తికమకపడతాడు, ఇంట్లో తెలుగు మానేయండి అన్నారు. నమ్మి ఆరు నెలలు మానేశాం. ఒడియా సరిగా రాని అత్తయ్య మనవడితో మాట్లాడటమే మానేశారు. వాడు కూడా ఆమె ఒళ్ళోకి వెళ్ళడం తగ్గించాడు. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి నష్టం లేదని తర్వాత తెలిసింది. ఈ ఊళ్ళోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు నూరేళ్ళకు పైగా కిందటే సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. ఆ ఊళ్ళో ఉంటూ మా పిల్లాడికి వాళ్ళ మామ్మ మాటని దూరం చేశామే అని ఇప్పటికీ బాధే.

సాయంత్రం పక్కింట్లో పూజ. మధ్యాహ్నమే పక్కింటామె గోడ మీంచి పిలిచి, "ఏడింటికి శంఖం ఊదుతాం, హుళహుళి వేస్తాం, బాబుకి చెప్పు" అంది. హుళహుళి అంటే పూజలో ఒడియా ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ గట్టిగా చేసే ధ్వని. ఈ ఒక్క మాట చెప్పేవాళ్ళు చుట్టాల్లో కూడా ఎంతమంది ఉన్నారు? అత్తయ్య వాడిని కూర్చోబెట్టుకుని వరసగా చెప్పారు: ముందు శంఖం, తర్వాత హుళహుళి, తర్వాత ప్రసాదం, తర్వాత ఇల్లు. వాడు ఆ నాలుగూ సాయంత్రం దాకా జపంలా చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఏడింటికి రెండు చెవులూ గట్టిగా మూసుకుని, అత్తయ్య కొంగు పక్కన నిలబడ్డాడు. హుళహుళి అయ్యాక చేతులు తీసి, "మామ్మా, ప్రసాదం" అన్నాడు. పక్కింటామె మొదటి దొన్నె వాడికే ఇచ్చింది.

రేపు కూడా రోడ్డు పూడ్చరట. గుడి, పాల బూత్, బడి బొమ్మలు వేసి మంచం పక్క గోడకి అంటించాను.