క్లోరిన్ కలపడానికి ముందే పోవాల్సిన రంగు

ఈ వారం మా నీటి శుద్ధి ప్లాంటు ల్యాబ్‌లో జార్ టెస్ట్ (ఎంత పటిక వేస్తే నీళ్లు బాగా తేరుకుంటాయో చూసే పరీక్ష) దగ్గర చాలాసేపు నిలబడి చూశాను. ఆరు బీకర్లలోనూ ఒకే చెరువు నీళ్లు, పటిక మోతాదులే వేరు. రెక్కలు నెమ్మదిగా తిరుగుతుంటే మొదట ఏమీ కనబడదు. కాసేపటికి సన్నటి తెల్లటి తునకలు పుట్టి, ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి అడుగుకు దిగుతాయి. పటిక తక్కువ వేసిన బీకర్లో నీళ్లు తేటగానే ఉన్నాయి. వెలుతురుకు పెట్టి చూస్తే మాత్రం లేత టీ రంగు అలాగే ఉంది.

ఆ రంగు మట్టిది కాదు. కుళ్లిన ఆకులు, గడ్డి, నాచు నుంచి నీళ్లలో కరిగిన సేంద్రియ పదార్థం. దాన్ని అలాగే ఉంచి క్లోరిన్ కలిపితే క్లోరోఫాం లాంటి ట్రైహాలోమీథేన్లు, అంటే క్యాన్సర్ ముప్పు ఉందని అనుమానించే రసాయనాలు, తయారవుతాయి. రోటర్‌డామ్ నీటి సంస్థలో పనిచేసిన యోహానెస్ రూక్ 1974లో ఈ సంగతి ప్రచురించారు. అమెరికా 1979లో వీటికి లీటరుకు 100 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది, తర్వాత 80కి దించింది.

అయితే క్లోరిన్ మానేద్దాం అంటారు కొందరు. ఆ మాట వింటేనే నాకు భయం. కలరా, టైఫాయిడ్ మన కుళాయిల దాకా రాకుండా ఆపుతున్నది అదే కదా! తీయాల్సింది సేంద్రియ పదార్థాన్ని, అదీ ముందుగానే. పటిక పెంచి, పీహెచ్ 6 దగ్గరికి తెస్తే చాలావరకు పోతుంది. ఇంకా మిగిలితే దాన్ని పట్టుకునే ప్రత్యేకమైన బొగ్గు, యాక్టివేటెడ్ కార్బన్ ఉంది.

ఖర్చు పెరుగుతుంది, మడ్డి ఎక్కువవుతుంది, నిజమే. అయినా టర్బిడిటీ (నీళ్ల మసక) రీడింగ్ ఒక్కటే చూసి నీళ్లు బాగున్నాయనడానికి మనసొప్పదు. కొత్త వాన నీళ్లు చెరువులోకి దిగేలోపే సేంద్రియ కార్బన్ పరీక్ష కూడా మొదలుపెట్టాలని పైవాళ్లకు రాశాను.