గొడుగు అక్కరలేని బొలోన్యా

ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ వెళ్లే రైళ్లు బొలోన్యా మీదుగానే పోతాయి. ఇటలీ చూడటానికి వచ్చిన మనవాళ్లు చాలామంది ఆ స్టేషన్‌ను కిటికీలోంచి చూసి ముందుకు సాగిపోతారు. మే నెలలో నేను అక్కడ దిగాను. ఆ ఊళ్లో ఎంత దూరమైనా నీడపట్టున నడవవచ్చని విని, ఆ నడక కోసమే దిగాను.

వీధుల వెంట ఇళ్ల ముందు స్తంభాలు, వాటి మీద మేడగదులు, కింద బాట. వీటినే పోర్టికోలంటారు. పాత నగరంలోనే 38 కిలోమీటర్లు, అంతా కలిపితే 62. యునెస్కో 2021లో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1088లో మొదలైందని చెప్పే ఇక్కడి విశ్వవిద్యాలయానికి నలుమూలల నుంచి విద్యార్థులు రావడంతో ఊరు ఇరుకైంది. జనం మేడగదులను వీధి మీదికి పెంచి, కింద కొయ్య స్తంభాలు నిలబెట్టారు. మరో ఊరైతే వాటిని ఆక్రమణలని కూలగొట్టేదేమో! బొలోన్యా మాత్రం కొత్తగా ఇల్లు కట్టేవారు పోర్టికోతోనే కట్టాలని 1288లో శాసనం చేసింది. గుర్రం మీద వచ్చే మనిషి కూడా వెళ్లగలిగేంత ఎత్తు ఉండాలంది. స్థలం ఇంటివాడిది, మరమ్మతుల బాధ్యతా అతడిదే. నడిచే హక్కు మాత్రం అందరిదీ. మన పల్లెల్లో బాటసారి వీధి అరుగు మీద కూర్చుంటే ఇంటివాళ్లు ఏమీ అనరు. అలాంటి మర్యాదనే ఇక్కడ చట్టంగా రాసుకుని, ఏడు వందల ఏళ్లకు పైగా నిలుపుకుంటూ వస్తున్నారు. ఈ ఊరి మీద నాకు గౌరవం కలిగింది అందుకే.

1568లో కొయ్య స్తంభాలు తీసేసి ఇటుకతోనో రాతితోనో కట్టమని ఉత్తర్వు వచ్చింది. అయినా కొన్ని మిగిలాయి. స్త్రాదా మజ్జోరె వీధిలో ఇసొలాని వారి ఇంటి ముందు ఓక్ దూలాలు రెండంతస్తుల ఎత్తున నిలబడి పదమూడో శతాబ్దపు ఇంటిని మోస్తున్నాయి. ఒకదాని మీద చెయ్యి పెట్టి చూశాను. నిలువునా నెర్రెలు విచ్చింది, నల్లబడింది, అయినా రాయిలా గట్టిగా ఉంది. పైకప్పులో పాత బాణాలు గుచ్చుకుని ఉన్నాయంటారు. మెడ నొప్పి పుట్టేదాకా వెతికినా నాకు కనిపించలేదు.

జంట గోపురాల గురించి అందరూ చెబుతారు. అసినెల్లి 97 మీటర్లు, పక్కనే ఒరిగిన గరిసెండా అందులో సగం. గరిసెండా భద్రత గురించి భయం ఉండటంతో చుట్టూ కంచె కట్టారు. దూరం నుంచి చూసి వచ్చేశాను.

సాన్ పెత్రోనియో చర్చిలో మాత్రం చాలాసేపు ఉండిపోయాను. 1390లో మొదలుపెట్టిన ఈ చర్చి ముఖభాగం ఇప్పటికీ పూర్తి కాలేదు. కింద పాలరాయి, పైన ఒట్టి ఇటుక. లోపల నేల మీద సుమారు 67 మీటర్ల పొడవున ఒక గీత ఉంది. శనిగ్రహ వలయాల మధ్య ఖాళీని కనుగొన్న కస్సీనీయే దీన్ని 1655లో గీయించాడు. పైకప్పులోని చిన్న రంధ్రం గుండా ఎండ పడుతుంది. సూర్యుడు ఆ రోజుకు అన్నిటికన్నా ఎత్తుకు చేరిన వేళ ఆ ఎండ గీతను దాటుతుంది. ఒంటిగంట దాటి కొన్ని నిమిషాలైంది. గుండ్రని వెలుగు మచ్చ నేల మీద పాకుతూ గీత దగ్గరికి వచ్చింది. దాని అంచు కదలడం కంటికి తెలుస్తూనే ఉంది. భూమి తిరుగుతోందని చిన్నప్పుడు బడిలో చదివాను. తిరగడాన్ని చూసింది ఇక్కడే.

భోజనం సంగతి. ఈ ఊరు మాంసాహారానికి పెట్టింది పేరు. శాకాహారులు తొర్తెల్లోని అడగండి: పల్చగా ఒత్తిన పిండిలో రికొత్తా జున్ను పెట్టి మడిచి ఉడికిస్తారు, వెన్నతో, సేజ్ అనే సువాసన ఆకులతో వడ్డిస్తారు. మజ్జోరె చౌకు పక్క సందుల్లో, అద్దాల వెనుక ఒకామె ఇంతకన్నా చిన్నవైన తొర్తెల్లీనీ చేస్తుంటే చూశాను. పిండి ముక్కను చూపుడువేలి చుట్టూ తిప్పి, కొసలు నొక్కి వదిలేది. ఒక్కసారి కూడా చేతుల వంక చూసుకోలేదు.

సాన్ లూకా కొండకు బయలుదేరేసరికి వాన పట్టుకుంది. సరగోజ్జా ద్వారం నుంచి కొండ మీది మేరీమాత గుడిదాకా సుమారు 3.8 కిలోమీటర్ల పోర్టికో, 666 కమానులు. ఏటా మేరీమాత చిత్రపటాన్ని ఊరేగింపుగా ఊళ్లోకి తెస్తారు. దారిలో అది తడవకూడదని 1674లో ఈ కప్పు కట్టడం ప్రారంభించారు. కట్టేటప్పుడు ఊరి జనం వరుసగా నిలబడి, సామగ్రిని చేతి నుంచి చేతికి అందించుకుంటూ కొండ మీదికి చేర్చారట. మెలొంచెల్లో కమాను దాటాక మెట్లు, ఎక్కుడు. నా ముందు ఒక పెద్దావిడ కూరగాయల సంచితో ఎక్కుతోంది, వెనక నుంచి కుర్రాళ్లు పరుగు సాధన చేస్తూ దాటిపోయారు. పక్కన వాన హోరుమంటోంది, మా మీద చుక్క పడలేదు.

కొండ మీదికి పర్యాటకుల కోసం చిన్న రైలుబండి లాంటి వాహనం కూడా నడుస్తుంది. మోకాళ్లు నొప్పులైతే పైకి అందులో వెళ్లండి, కిందికి మాత్రం పోర్టికోలోనే నడిచి దిగండి.