ముందు వేలు, తర్వాతే అడుగు

బోర్లపడితే బొబ్బట్లు, పారాడితే పాలకాయలు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు, గడప దాటితే గారెలు. మన ఇళ్లలో పసిపిల్లల ఎదుగుదల లెక్కంతా వంటింట్లోనే ఉంటుంది. మా పాప బొబ్బట్ల దాకా బాగానే వచ్చింది. పాలకాయల దగ్గరే పేచీ మొదలైంది. అది పాకలేదు మరి. కూర్చున్న చోటు నుంచి ఒక కాలు మడిచి, రెండో కాలితో నేలను నెట్టుకుంటూ దేకేది. సత్యనారాయణపురంలో మా హాలంతా దాని గౌనుతోనే శుభ్రంగా తుడుచుకుపోయేది. దేకితే పాలకాయలు చెయ్యొచ్చా, పాకాకే చెయ్యాలా అని మా అత్తయ్యకీ, తెనాలి నుంచి వచ్చిన అమ్మకీ పెద్ద చర్చ. చివరికి అమ్మే తేల్చేసింది. "ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్తోందా లేదా? ఇంకేం కావాలి వదినగారూ, నూనె పెట్టండి!"

దసరా వెళ్లాక మొదటి పుట్టినరోజు చేశాం. ఎదురు ఫ్లాటు బాబు మా పాప కంటే చిన్నవాడు. కేకు చుట్టూ పరుగులు పెట్టాడు. మాది కుర్చీ కోడు పట్టుకుని నిలబడి వాణ్ణి చూస్తోంది. వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట, "ఇంకా నడవట్లేదా?" అని. నవ్వుతూనే జవాబు చెప్పాను కానీ, ఆ రాత్రి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. మా ఆయన స్నేహితుడు ఒక వాకర్ కూడా కొనిచ్చాడు.

సూర్యారావుపేటలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పాప కాళ్లు, తుంటి కీళ్లు అటూ ఇటూ తిప్పి చూశారు. పట్టుకుని నిలబడుతోంది కాబట్టి కంగారు అక్కర్లేదన్నారు. దేకే పిల్లలు కాస్త ఆలస్యంగా నడవడం మామూలేనట. ఏడాదిన్నర వచ్చినా నడవకపోతే మాత్రం అశ్రద్ధ చెయ్యకుండా తీసుకురమ్మన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాలూ దాదాపు ఇదే చెబుతాయి. మన దేశంతో సహా 5 దేశాల పిల్లల్ని గమనించి వేసిన లెక్క అది. సొంతంగా నడవడం 8 నెలలకే మొదలుకావచ్చు, 17 నెలలు దాటాకా కావచ్చు. చేతులూ మోకాళ్ల మీద అసలు పాకకుండానే నడిచేసినవాళ్లు నూటికి నలుగురి దాకా ఉన్నారట. ఈ ముక్క ముందే తెలిస్తే పాలకాయల చర్చలో నేనూ ఓ మాట అనేదాన్ని. ఇక వాకర్ సంగతి అడిగితే వద్దే వద్దన్నారు. దాంతో నడక త్వరగా రాకపోగా, మెట్ల మీంచి దొర్లిపడే ప్రమాదం ఉంది. కెనడాలో అయితే 2004లోనే నిషేధించారు. మా ఇంట్లో అది అటకెక్కింది.

ఆయన ఇంకో ప్రశ్న కూడా అడిగారు. "వేలు పెట్టి చూపిస్తోందా అమ్మా?" చూపిస్తోందన్నాను. "అదీ, అది ముఖ్యం" అన్నారు. ఏడాదిన్నర వచ్చినా ఏదీ వేలితో చూపించకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే తప్పకుండా చెప్పాల్సిన విషయమట. అప్పటిదాకా అందరం దాని కాళ్ల వంకే చూస్తున్నాం. ఇంటికొచ్చాక నేను వేలి వంక చూడటం మొదలుపెట్టాను.

నిజానికి ఆ వేలి కథ అంతకు ముందు నుంచే నడుస్తోంది. నేల మీద పడ్డ ఆవగింజని బొటనవేలితో, చూపుడువేలితో ఒడుపుగా పట్టి, కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, నా అరచేతిలో పెట్టేది. ఇచ్చినట్టే ఇచ్చి మళ్లీ లాక్కునేది. (ఈ వయసులో వేరుశెనగ గుళ్లు, శనగలు అందుబాటులో ఉంచకండి. గొంతులో ఇరుక్కుంటాయి.) మొదట్లో నేను "అదిగో ఫ్యాను" అని చూపిస్తే నా వేలినే చూసేది. తర్వాత వేలు ఎటుంటే అటు చూడటం వచ్చింది. ఆ తర్వాత తనే చూపించడం. మధురానగర్ వైపు నుంచి రైలు కూత వినిపిస్తే చాలు, కిటికీ వైపు వేలు లేచేది. "ద్దీ!" అనేది. అని ఊరుకోదు, వెనక్కి తిరిగి నా మొహం చూసేది. నేను రైలు వంక కాకుండా ఫోను వంక చూస్తున్నానా, గెడ్డం పట్టుకుని తిప్పేది. తను చూసినదాన్ని నేనూ చూడాలి. అంతే కావాలి దానికి. నన్నడిగితే అడుగుల కంటే పెద్ద వేడుక దీనికి చెయ్యాలి. మన పెద్దవాళ్లు దీనికి ఏ పిండివంటా కేటాయించకపోవడం అన్యాయం.

ఒక ఆదివారం ప్రకాశం బ్యారేజీకి వెళ్లాం. మా ఆయన పాపని ఎత్తుకుని, "ఇది 1957లో కట్టారురా తల్లీ, డెబ్బై గేట్లు" అంటూ మొదలుపెట్టారు. అది గేట్లనీ చూడలేదు, కృష్ణనీ చూడలేదు. రెయిలింగు మీద పాకుతున్న గండుచీమని చూపించింది. చీమ కనపడకుండా పోయేదాకా అక్కణ్ణుంచి కదలనివ్వలేదు.

సంక్రాంతికి అత్తయ్య ఆశగా కాసిని అరిసెలు ఎక్కువే వండారు, పండక్కి అడుగు పడుతుందేమోనని. పాప వాటి పక్కనే చతికిలబడి పైన నువ్వులు ఏరుకుని తింది. పండగ వెళ్లిపోయింది.

అడుగు పడింది రథసప్తమి అయ్యాక, ఒక మామూలు మధ్యాహ్నం. నేను మంచం మీద బట్టలు మడత పెడుతున్నాను. పాప నా చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా గోడ మీద కింది దాకా దిగిన బల్లి. "ద్దీ" అంది. "ఆఁ, బల్లి" అన్నాను, తలెత్తకుండా. మళ్లీ అంది. నేను చూడలేదని తెలిసిపోయినట్టుంది, కుచ్చిళ్లు వదిలేసి, వేలు చాపుకునే గోడ దాకా నాలుగడుగులు వేసింది. బల్లి పైకి పారిపోయింది. ఇది ధబ్బున కూర్చుని నా వంక చూసింది. నేను వేసిన కేకకి అత్తయ్య పూజ గదిలోంచి పరుగెత్తుకొచ్చారు. సంగతి విని ముందు పంచాంగం తీయబోయారు. బల్లి మీద పడలేదు అత్తయ్యా, నడిపించింది అని చెప్పాక బెల్లం పాకం గురించి ఆలోచనలో పడ్డారు.

మర్నాటికే అరిసెలు తయారు. తెల్లటి తుండు మీద వరసగా పేర్చి పాపని నడిపించి, చుట్టుపక్కల అందరికీ పంచాం. అమ్మ తెనాలి నుంచి వీడియో కాల్‌లోనే హారతి పాట అందుకుంది.

ఇప్పుడు పాలకి వీధి చివరి కొట్టు దాకా నడిపించుకుంటూ వెళ్తున్నాను. ఆగిన ప్రతి బండి అద్దం దగ్గరా ఆగాలి, కాలవలో పడ్డ చెప్పుని చూడాలి, చూసిన ప్రతిదీ నాకు చూపించాలి, నేను "ఆఁ" అంటే సరిపోదు, వంగి చూడాలి. విజయవాడ ఎండలు ఎలా ఉంటాయో తెలిసిందే. మొన్న ఇల్లు చేరేసరికి పాలు విరిగిపోయాయి. అందుకని పాలు తేవడం మా ఆయనకి, పాపని తిప్పడం నాకు అని పని పంచేసుకున్నాం.