పొద్దు వాలకముందే కంచం ముందు

ముందు దగ్గు వచ్చింది. పొడిదగ్గు, అదీ పొద్దున లేవగానే. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉండేది, ఎంత సవరించుకున్నా పోయేది కాదు. నాలుగు మాటలు గట్టిగా మాట్లాడితే గొంతు బొంగురుపోయేది. అలర్జీ అన్నారు, మాత్రలు వాడాను, ఆవిరి పట్టాను. కడుపులో మంట లేదు, నొప్పి లేదు కాబట్టి కడుపు మీదికి ఎవరి దృష్టీ పోలేదు. చివరికి చెవి, ముక్కు, గొంతు డాక్టరు సన్నటి కెమెరా పెట్టి చూసి, స్వరపేటిక వెనకభాగం ఎర్రగా వాచి ఉందని చెప్పారు. ఇది గొంతులో పుట్టిన జబ్బు కాదు, కింది నుంచి పైకి ఎగదన్నుతున్న యాసిడ్ పని అయి ఉండొచ్చన్నారు.

ఆయన మాట నిజమేనని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. నిద్రలో పొలమారి, నోటినిండా పుల్లటి నీళ్లతో లేచి కూర్చోవడం మొదలైంది. ఒక రాత్రి ఛాతీ మధ్యలో మంట ఎంత తీవ్రంగా వచ్చిందంటే ఇంట్లో అందరం గుండె అనుకున్నాం. ఈసీజీ, రక్తపరీక్ష చేశారు, గుండెకు ఏమీ లేదు. ఈ సంగతి ఇక్కడే చెప్పాలి: ఛాతీలో నొప్పి వస్తే 'గ్యాసేలే' అని ఇంట్లో తేల్చేసుకోకూడదు, ముందు గుండె సంగతి చూపించుకోవాలి. మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా కూడా ఆగకూడదు.

ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగంలో ఒరుసుకుపోయిన గీతలు కనిపించాయి. ఈ పుండ్ల తీవ్రతను కొలిచే లాస్ ఏంజలస్ పద్ధతిలో గ్రేడ్ బి, అంటే 5 మిల్లీమీటర్ల కంటే పొడవైన పుండ్లు ఉన్నాయి గానీ ఒకదానితో ఒకటి కలిసిపోలేదు. దాంతోపాటు చిన్న హయాటస్ హెర్నియా, అంటే జీర్ణాశయం పైభాగం కొద్దిగా ఛాతీలోకి జరిగి ఉంది. రిపోర్టు చూసిన డాక్టరు గారు నేనేం తింటానో అడుగుతారనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"రాత్రి భోజనం ఎన్నింటికండీ?"

"పదిన్నర, పదకొండు అవుతుంది డాక్టర్ గారూ."

"పడుకునేది?"

"పదకొండున్నర."

"అదే మరి," అని కాగితం మీద బొమ్మ గీశారు.

అన్నవాహిక చివర ఒక కండరపు వలయం ఉంటుంది. ముద్ద వచ్చినప్పుడు తెరుచుకుని, మిగతా సమయమంతా బిగుసుకుని ఉండాలి. కడుపు బాగా సాగితే ఆ వలయం మాటిమాటికీ సడలుతుంది. కూర్చునో నిలబడో ఉంటే పైకి వచ్చినదాన్ని భూమ్యాకర్షణ కిందికి లాగుతుంది, మింగిన లాలాజలం దాని ఘాటు తగ్గిస్తుంది. నిద్రలో ఈ రెండూ ఉండవు. లాలాజలం దాదాపు ఆగిపోతుంది, మింగడం తగ్గుతుంది, యాసిడ్ పైన చాలాసేపు నిలిచిపోతుంది. గట్టి భోజనం జీర్ణాశయం ఖాళీ చేయడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. నేను అరగంటలో పడుకుంటున్నాను. మూత సరిగా పడని సీసాను నింపి పడుకోబెట్టినట్టన్న మాట.

ఉదయం టిఫిన్‌కు అరగంట ముందు పరగడుపున వేసుకోమని యాసిడ్ తగ్గించే మాత్ర ఎనిమిది వారాలకు రాశారు. మంచం తలవైపు కోళ్ల కింద ఆరు అంగుళాల చెక్కలు పెట్టమన్నారు, ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నారు, భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలన్నారు. మాత్ర అద్భుతంగా పనిచేసింది. మొదటివారం దాటేసరికి రాత్రి మెలకువలు ఆగాయి, దగ్గు తగ్గడానికి మాత్రం ఇంకా టైం పట్టింది. కోర్సు అయ్యాక మాత్ర ఆపితే మంట రెట్టింపై తిరిగొచ్చింది. ఇన్నాళ్లు అణిగి ఉన్న యాసిడ్ ఉత్పత్తి మాత్ర ఆపగానే కొంతకాలం ఎగదన్నుతుందట. మళ్లీ మొదలుపెట్టి, ఈసారి నెమ్మదిగా తగ్గించాలన్నారు. మూడు గంటల విరామం మాట నాకు గుర్తుంది కానీ, పని ముగిసేదే తొమ్మిది దాటాక. రాత్రి పన్నెండున్నర దాకా కూర్చుని ఉండటం ఎవరివల్ల అవుతుంది?

ఆ రోజుల్లోనే, జబ్బుతో సంబంధం లేకుండా, టెన్షన్ తగ్గుతుందని ఇంట్లోవాళ్లు పోరితే పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లాను. దరఖాస్తులో నా జబ్బు, మందులు రాశాను. విపశ్యన గురువు గోయెంకా గారి పద్ధతిలో జరిగే ఈ శిబిరాలన్నింటిలో టైంటేబుల్ ఒకటే: ఆరున్నరకు టిఫిన్, పదకొండుకు భోజనం, సాయంత్రం అయిదుకు కొత్తవాళ్లకు టీ, పండ్లు. ఇంతకుముందు శిబిరం చేసిన పాతవాళ్లకు మధ్యాహ్నం పన్నెండు దాటాక తిండే లేదు. మొదటి రాత్రి ఆకలికి నిద్ర పట్టలేదు. ధ్యానం అంటే శ్వాస గమనించడమని చెప్పారు గానీ నేను గమనించినదంతా నా కడుపునే. అయితే మూడో నాలుగో ఉదయానికి ఒకటి తెలిసింది: లేవగానే గొంతు సవరించుకోవాల్సిన అవసరం రాలేదు. ధ్యానం వల్లా, మౌనం వల్లా, టెన్షన్ లేకపోవడం వల్లా అని రకరకాలుగా ఆలోచించాను. అన్నీ కొంత ఉండొచ్చు. కానీ ఖాళీ కడుపుతో పడుకోవడం అన్నిటికంటే సూటైన కారణం.

ఇంటికి వచ్చాక ఈ భోజన నియమం ఎక్కడిదో వెతుక్కుని చదివాను. బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకం ప్రకారం భిక్షువులు తెల్లవారింది మొదలు మిట్టమధ్యాహ్నం లోపలే తినాలి. గృహస్థులు ఉపోసథ రోజుల్లో, అంటే పౌర్ణమి, అమావాస్యల్లాంటి వ్రతదినాల్లో, పాటించే అష్టశీలాల్లో (ఎనిమిది నియమాల్లో) ఆరోది కూడా ఇదే. ఏదో పుణ్యం కోసం పెట్టిన ఉపవాసం అనుకున్నాను. బుద్ధుడి ఉపదేశాల సంకలనం మజ్ఝిమ నికాయంలోని కీటాగిరి సుత్తంలో బుద్ధుడు చెప్పిన కారణం చాలా లౌకికం: రాత్రి తిండి మానేశాక నాకు జబ్బులు తక్కువ, ఒళ్లు తేలిక, బలం, హాయి ఉన్నాయి, మీరూ మానండి అంటాడు. దానికి అస్సజి, పునబ్బసుక అనే ఇద్దరు భిక్షువులు ఇచ్చిన జవాబు నాకు ఇంకా నచ్చింది: మేం సాయంత్రమూ తింటున్నాం, పొద్దునా తింటున్నాం, పగలూ తింటున్నాం, మాకేం జబ్బుల్లేవు, ఎందుకు మానాలి? మా ఆఫీసులో ఈ జవాబు ఇప్పటికీ రోజూ వినిపిస్తుంది.

అదే నికాయంలో లటుకికోపమ సుత్తం ఉంది. అందులో ఉదాయి అనే భిక్షువు పాతరోజులు తలుచుకుంటాడు. మొదట మధ్యాహ్నం తర్వాతి తిండి మానమన్నప్పుడు చాలా బాధపడ్డాడట. ఆ తర్వాత రాత్రి తిండి కూడా మానమన్నప్పుడు మరీ బాధ, ఎందుకంటే ఇళ్లలో మంచి వంటంతా రాత్రిపూటే, పగలు తక్కువ. చీకట్లో భిక్షకు వెళ్లి మురుగుగుంటల్లో పడ్డవాళ్లున్నారు, పడుకున్న ఆవును తొక్కినవాళ్లున్నారు. ఒకసారి మెరుపు వెలుగులో ఇతన్ని చూసి, గిన్నె కడుగుతున్న ఒక ఇల్లాలు పిశాచమనుకుని కేక పెట్టి, విషయం తెలిశాక చడామడా తిట్టిపోసిందట. మంచి వంట రాత్రికే అన్నది అప్పటికీ ఇప్పటికీ మారలేదు. ఇందులో నాకు పనికొచ్చింది ఇంకొకటి. ఒక్కసారిగా మాన్పించలేదు, ఒక పూట తర్వాత ఒక పూట.

నేనూ అలాగే జరిపాను. మధ్యాహ్నం పన్నెండు నా బతుకుతో కుదరదు, దాని జోలికి పోలేదు. ముందు రాత్రి భోజనాన్ని తొమ్మిదికి తెచ్చాను, పని మధ్యలో లేచి తిని మళ్లీ కూర్చునేలా. అది అలవాటయ్యాక ఎనిమిదికి, చివరికి ఏడుంబావు, ఏడున్నర మధ్యకు. సాయంత్రం మీటింగుల్లో ఆ అరగంట నాది కాదని అందరికీ చెప్పడమే అన్నిటికంటే కష్టమైన పని. తిండిలో బరువంతా మధ్యాహ్నానికి మారింది. పొద్దున ఆకలి వేయడం అన్నది నాకు కొత్త అనుభవం.

అమ్మకు ఇది ససేమిరా నచ్చలేదు. "పది దాటితే మళ్లీ ఆకలేస్తుంది, ఖాళీ కడుపుతో నిద్రెలా పడుతుందిరా?" అనేది. నిజమే, మొదట్లో పదింటికి ఆకలి వేసేది. పావుగంట ఆగితే చాలాసార్లు అదే పోయేది. పోకపోతే గోరువెచ్చటి నీళ్లు కాసిని. అసలు అది ఆకలా, పని ముగిసిందన్న విశ్రాంతికి ఏదో నమలాలనే కోరికా అని చూసుకునేవాణ్ని. రెండోదే ఎక్కువ.

ఎప్పుడు తినాలన్నది కుదిరాక ఎలా తినాలన్న దగ్గరికి వచ్చాను. వినయంలో 75 సేఖియ నియమాలు, అంటే నడవడిక మర్యాదలు, ఉంటే అందులో 30 భోజనం గురించే. ముద్ద మరీ పెద్దది చేయకూడదు, ముద్ద దగ్గరికి రాకముందే నోరు తెరవకూడదు, బుగ్గలు ఉబ్బేలా కుక్కుకోకూడదు, చప్పుడు చేయకూడదు, నోట్లో ముద్దతో మాట్లాడకూడదు. చిన్నపిల్లలకు చెప్పే బుద్ధుల్లా ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను: తినేటప్పుడు దృష్టి పాత్ర మీద ఉండాలి. నా దృష్టి ఎప్పుడూ ఫోన్ మీదే. ఫోన్ పక్కగదిలో పెట్టి తింటే అదే భోజనానికి దాదాపు రెండింతల సమయం పట్టింది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందంటారు. ఎనిమిది నిమిషాల్లో ముగించేవాడికి ఆ కబురు చేరేసరికి రెండోసారి వడ్డించుకోవడం అయిపోయి ఉంటుంది.

మరో ఉపదేశ సంకలనం సంయుత్త నికాయంలో కోసల రాజు పసేనది కథ ఇలాంటిదే. కడుపారా తిని, భుక్తాయాసంతో రొప్పుతూ బుద్ధుడి దగ్గరికి వస్తాడు. ఆయన ఒక్క గాథ చెబుతాడు: ఎరుకతో ఉండి, దొరికిన తిండిలో మితం తెలిసినవాడికి బాధలు పలచబడతాయి, ఆయువు కాపాడుకుంటూ నెమ్మదిగా ముసలివాడవుతాడని. రాజు పక్కనున్న సుదస్సనుడనే కుర్రాణ్ని పిలిచి, ఈ గాథ నేర్చుకుని తాను భోంచేసేటప్పుడల్లా చదవమని, అందుకు రోజుకు నూరు కహాపణాలు (ఆనాటి నాణేలు) ఇస్తానని అంటాడు. తన మీద తనకు నమ్మకం లేని రాజు చేసిన మంచి ఏర్పాటు. నాకు ఆ పని మా ఆవిడ జీతం లేకుండా చేసింది, గాథ లేకుండా, ఒక చూపుతో.

థేరగాథల్లో, అంటే పెద్ద భిక్షువుల పద్యాల్లో, బుద్ధుడి ముఖ్యశిష్యుడు సారిపుత్తుడి మాట కూడా ప్రయత్నించాను: ఇంకా నాలుగైదు ముద్దలు పడతాయనగా ఆపి నీళ్లు తాగాలి. ఆపడం పనిచేసింది. నీళ్లు మాత్రం నాకు పడలేదు. భోజనం చివర గ్లాసుడు నీళ్లు తాగితే కడుపు మళ్లీ సాగి తేన్పులు వచ్చేవి. రెండు గుక్కలతో సరిపెట్టి, మిగతావి గంట తర్వాత తాగుతాను.

ఇది చదివి బుద్ధుడి నియమం నా పుండ్లను మాన్పిందని ఎవరైనా అనుకుంటే నేను సరిగా చెప్పలేదన్న మాట. మాన్పింది మాత్ర. మాత్ర తగ్గించాక మళ్లీ రాకుండా ఆపింది భోజనవేళ. రోజు విడిచి రోజు వేసుకుంటూ, తర్వాత వారానికి రెండు మూడు చేసి, డాక్టరు గారు చెప్పిన మీదటే ఆపాను. తర్వాతి ఎండోస్కోపీలో గీతలు లేవు. హెర్నియా అలాగే ఉంది, అది తిండివేళతో పోయేది కాదు. పెళ్లిళ్లకో ప్రయాణాలకో రాత్రి పదింటికి తినక తప్పకపోతే సగం కడుపుకు మెత్తటిది ఏదైనా తిని, కుర్చీలో చేరబడి చాలాసేపు కూర్చుంటాను. అప్పుడప్పుడూ మంట వస్తుంది. ఆరోజుకు మందు వేసుకుంటాను.

నియమాన్ని ఇంత వదులుగా పట్టుకున్నందుకు నాకేం బాధ లేదు. వినయమే రోగుల దగ్గర వదులు చేసింది: జబ్బుపడ్డ భిక్షువుకు నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం మధ్యాహ్నం తర్వాత కూడా మందుగా పుచ్చుకోవచ్చు, ఏడురోజులు దగ్గర ఉంచుకోవచ్చు. వినయంలోనే ఒక భాగమైన చుల్లవగ్గంలో నా బంధువులాంటి భిక్షువు ఒకడున్నాడు. తిన్నది గొంతులోకి తిరిగొచ్చి, అతను మళ్లీ మింగుతుంటే, అకాలంలో తింటున్నాడని తోటివాళ్లు ఫిర్యాదు చేశారు. బుద్ధుడు అతను కిందటి జన్మలో ఆవు అని, నోటి బయటికి రానంతవరకు మింగొచ్చని అనుమతించాడు. యాసిడ్ రిఫ్లక్స్ ఉన్నవాడికి ఇంతకంటే ఊరటనిచ్చే నియమం నేనెక్కడా చదవలేదు.

నన్ను చూసి మా నాన్న కూడా ఏడింటికే తిని పడుకుంటానన్నారు. ఆయనకు షుగరు, రాత్రి ఇన్సులిన్ ఉంది. డాక్టర్ని అడగకుండా వద్దే వద్దన్నాను. భోజనం ముందుకు జరిగితే ఇన్సులిన్ కూడా మార్చాల్సి రావచ్చు, లేకపోతే రాత్రి షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. గర్భిణులకూ, తిండితో ఇప్పటికే గొడవపడుతున్నవాళ్లకూ కూడా ఇలాంటి ప్రయోగాలు పనికిరావు. డాక్టరు గారు నాన్న డోసు, వేళ రెండూ మార్చి రాశారు. ఇప్పుడు ఆయన ఏడున్నరకు మాతోపాటే కూర్చుంటారు, పడుకునేముందు గ్లాసు పాలు తాగుతారు. ఆయనకు రిఫ్లక్స్ లేదు కాబట్టి ఆ పాలతో ఏ ఇబ్బందీ లేదు, నాకెదురుగా కూర్చుని తాగడం తప్ప.