నలుగురు సైదులు, ఒక ఇంద్రజ

మన టెన్త్ బ్యాచ్ సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ చేసి "పేజీన్నర రాయన్నా, ఏదైనా పర్వాలేదు" అన్నారు. బర్త్ సర్టిఫికెట్ల సెక్షన్‌లో కూచునేవాడికి పేర్లు తప్ప ఇంకేం తెలుస్తాయి? అవే రాస్తున్నా.

మన 1991 టెన్త్ బ్యాచ్ హాజరుపట్టీ ఒకసారి యాది చేసుకోండి. జాన్‌పహాడ్ ఉర్సు పుణ్యమా అని నలుగురు సైదులు. గుట్ట నరసింహస్వామి దయవల్ల ముగ్గురు యాదగిరులు, చెర్వుగట్టు మొక్కుతో ఇద్దరు రామలింగాలు. పెద్ద సైదులు, బక్క సైదులు, కట్టమీది సైదులు, తుమ్మచెట్టు సైదులు అని చాక్‌పీసు సారు విడదీసి పిలిస్తేనే ఎవరు పలకాలో తెలిసేది.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఎటు పోయాయో నాకైతే గుర్తులేదు. నామినల్ రోల్స్, అంటే టెన్త్ పరీక్షకు పంపే పేర్ల పట్టీ, రాసిన రోజు మాత్రం కండ్ల ముందే ఉంది. "మెమో మీద పడ్డ పేరు సచ్చేదాక పోదు. తప్పులుంటే ఇప్పుడే చెప్పుండ్రి" అన్నాడు సారు. ఆయన అడిగింది అక్షర దోషాల గురించి. బక్క సైదులు లేచి "నాది శివ అని రాయుండ్రి సార్" అన్నాడు. ఆ సినిమా వచ్చి అప్పటికి ఏడాది. సారు తల ఎత్తకుండానే "సంచిల ఉన్న సైకిల్ చైను ముందు బల్ల మీద పెట్టు, తర్వాత రాస్త" అన్నాడు. చైను నిజంగానే బయటికొచ్చింది! నవ్వులు ఆగకముందే ఆడపిల్లల వరుసలోంచి మూడో బెంచీ పద్మ "నాకు ఇంద్రజ" అంది. 1990 మే నెల తుపాను వానలో తడుస్తూ చూసొచ్చిన జగదేకవీరుడు అతిలోకసుందరిలో ఉంగరం పోగొట్టుకున్న దేవకన్య పేరు మరి. సారు నవ్వలేదు. "ఉంగరం దొరికిందా బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

తర్వాత అడ్మిషన్ రిజిస్టరు తెప్పించి బల్ల మీద పరిచాడు. మనందరి పుట్టినరోజులూ జూన్‌లోనే ఉన్నాయని తెలిసింది ఆ రోజే. ఇందులో ఉన్నదే నామినల్ రోల్‌లోకి, అందులో ఉన్నదే మెమోలోకి ఎక్కుతుందనీ, పేరు మార్చాలంటే అఫిడవిట్, పేపర్ ప్రకటన, గెజిట్ అని ఇంత తతంగం ఉంటుందనీ గంటన్నర చెప్పాడు. లెక్కలు పోయాయి, ఇంటర్వెల్ పోయింది. నా నౌకరీ శిక్షణ ఆ గంటన్నరతోనే అయిపోయిందేమో.

ఇప్పుడు నా టేబుల్ మీదికి వచ్చే పేర్ల సంగతి. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించాలి. మన దిక్కు తొట్టెల వేసి పేరు పెట్టేదీ ఇరవయ్యొకటో రోజే. అందుకని దవాఖాన నుంచి వచ్చే కాగితంలో పేరు గడి ఖాళీగా వస్తుంది. ఏడాదిలోపు వచ్చి రాయిస్తే ఉచితం, ఆ తర్వాత 15 ఏండ్ల దాకా లేటు ఫీజుతో రాయించుకోవచ్చు. చాలామంది ఆ గడి సంగతే మరిచిపోతారు. ఈలోపు ఆధార్‌లో అమ్మమ్మ పెట్టిన పేరు, అంగన్‌వాడీలో మేనత్త పెట్టిన పేరు ఎక్కుతాయి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరేటప్పుడు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి, అప్పుడు పరుగెత్తుకొస్తారు. ఒక అక్షరం తప్పుపడితే దిద్దగలం. ఎక్కిన పేరు మొత్తం తీసేసి కొత్తది రాయమంటే నా చేతుల్లో లేదు.

హీరో పాత్రల పేర్లను పట్టుకోలేం. రవి, శివ, రాజు ముందునుంచీ ఉన్నవే. జాడ తెలిసేది హీరోయిన్ పేరులో. 2006లో బొమ్మరిల్లు వచ్చాక హాసినిలు వచ్చారు. 2015, 2017ల్లో బాహుబలి వచ్చింది కదా, బాహుబలి అని ఎవరూ రాయించలేదు. అవంతికలు, దేవసేనలు వచ్చారు. కట్టప్ప అంటే అందరికీ ప్రాణమే, కానీ తొట్టెల్లో ఆ పేరు ఎవరు పెడతారు? సినిమా రెండున్నర గంటలే, సీరియల్ పేరు ఏండ్ల తరబడి రోజూ చెవిన పడుతుంది. 2017లో కార్తీకదీపం మొదలయ్యాక శౌర్య, హిమ అంత సులువుగా నోట్లో నానడం అందుకే.

నక్షత్రం అడ్డు రాదా అంటారేమో. అడ్డు రాదు, తోవ చూపిస్తుంది. పునర్వసు మూడో పాదానికి "హా", కృత్తిక ఒకటో పాదానికి "అ", రేవతి ఒకటో పాదానికి "దే". అయ్యగారు అక్షరం చెప్పి ఊరుకుంటాడు, మిగతాది టీవీ పూర్తి చేస్తుంది. ఆరుద్రకు "ఘ, ఙ" వస్తే మాత్రం పాపం, ఇంటిల్లిపాదీ నా మొహం చూస్తారు. సంఖ్యాశాస్త్రం వాళ్ళతో ఇంకో తిప్పలు. ఇంగ్లీషులో ఒక ఏ ఎక్కువ, చివర ఒక హెచ్ తోక. సర్టిఫికెట్‌లో తోక ఉంటుంది, ఆధార్‌లో ఉండదు. రెండూ కలవక మళ్ళీ నా కిటికీ దగ్గరికే.

2006లో పుట్టిన పిల్ల ఒకటో తరగతికి వచ్చేసరికి 2011 దాటుతుంది. సినిమా పాతబడ్డాక పేరు బడికొస్తుంది. అప్పుడు టీచర్లు హాసిని కె., హాసిని ఎం. అంటూ విడదీశారు. మన సారుకైతే తుమ్మచెట్టు ఉండె.

కమిటీ వారికి ఒక మనవి. సంచిక చివర పేర్ల పట్టిక వేస్తారు కదా, అందులో ఉత్త సైదులు అని వేయకండి. నలుగురం ఉన్నాం. నా పేరు ముందు తుమ్మచెట్టు ఉండాలి. బక్క సైదులు ఇప్పుడు బక్కగా లేడు, అయినా అలాగే వేయండి.