చిన్నాడి ఊరు ఎవరి దగ్గర ఉన్నట్టు?

మా గేమ్ కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆటలాడే మెషీన్, 'సరిపడా ఖాళీ లేదు' అని టీవీ మీద చూపిస్తే చాలు, నాకీమధ్య ఒళ్లు మండిపోతోంది. ప్రతి ఆదివారం పొద్దున్న మా అబ్బాయి చిన్నాడు మా అన్నయ్యతో ఆన్‌లైన్‌లో ఆడుకుంటాడు. డల్లాస్‌లో అన్నయ్యకి అది శనివారం రాత్రి, చిన్నాడు వారమంతా కాచుకుని ఉండేది ఆ కాసేపటి కోసమే. ఈ ఆదివారం అక్కడ వాళ్ల మావయ్య హెడ్‌సెట్ పెట్టుకుని కూచున్నాడు, ఇక్కడ వీడు పళ్లు కూడా తోముకోకుండా కంట్రోలర్ పట్టుకున్నాడు, తీరా ఆట తెరిస్తే అప్‌డేట్ చెయ్యాలంది. సరే, చెయ్ అన్నాం. అప్‌డేట్ 3 జీబీయే, కానీ అది వేసుకోడానికి పక్కన 60 జీబీ దాకా చోటు కావాలట. పాత ఆట మొత్తాన్ని ఇంకోచోట కాపీ చేసుకుని, దానికి కొత్త ముక్కలు కలిపి, ఆ తరవాత పాతది తీసేస్తుందని ఈయన చెప్పారు. కారణం అర్థమైంది గానీ కోపం తగ్గలేదు. పోనీ అప్‌డేట్ లేకుండా ఆడుకుంటామంటే ఆన్‌లైన్‌లోకి రానివ్వదు.

స్టోరేజీ పేజీలోకి వెళ్లాం. పైన పొడుగ్గా ఒక రంగుల పట్టీ, దాని చివర బూడిద రంగులో 'అదర్' అని పెద్ద ముక్క. ఆ అదర్‌లో ఏముందో చూపించదు, తీసేసే దారీ లేదు. కింద ఆటల లిస్టు, ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టుకోడానికి చిన్న గడి. చిన్నాడు ఒక్కో గడి దగ్గరకీ వెళ్తున్నాడు, ఆగుతున్నాడు, వెనక్కొస్తున్నాడు. అవతల అన్నయ్య "ఏంట్రా, ఏమైంది?" అంటున్నాడు. అన్నింట్లోకీ ఎక్కువ చోటు తినేస్తున్నది వాడు ఊరు కట్టుకునే ఆటే. దాని దగ్గర ఆగి, నా వైపు తిరిగి, "అమ్మా, ఇది తీసేస్తే నా ఊరు కూడా పోతుందా?" అన్నాడు.

ఆ ఊరంటే వాడు ఆ ఆటలో సొంతంగా కట్టుకున్నది. మా వైజాగ్‌లో డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఉన్నట్టే కొండ కొమ్మున లైట్‌హౌస్, దాని కింద పడవలు, అమ్మమ్మ వీధి అని ఒక వీధి, మెట్లున్న చెరువు. వేసవి సెలవలన్నీ దానికే పోశాడు. "పోదురా, ఆట పోతుంది గానీ సేవ్, అంటే నువ్వు ఆడిందీ కట్టుకున్నదీ దాచిన ఫైలు, ఉంటుంది, మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుంటే నీ ఊరు నీకు కనబడుతుంది" అని వాళ్ల మావయ్య నచ్చజెప్పాడు. వీడు నమ్మలేదు. నిజం చెప్పాలంటే నాకూ ధైర్యం చాలలేదు. దాన్ని వదిలేసి కార్ల ఆట తీసేశాం. అది మళ్లీ కావాలంటే 90 జీబీ దించుకోవాలి, మా నెట్ 40 ఎంబీపీఎస్ నిలకడగా వచ్చినా అయిదు గంటలు. అప్‌డేట్ అయ్యేసరికి అన్నయ్య ఆవలిస్తున్నాడు. మిగిలిన కాసేపూ ఇద్దరూ ఇల్లెగిరిపోయేలా నవ్వుకుంటూ ఆడారు, అదొక్కటీ బాగుంది.

మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీస్తుంటే కూచుని ఈ చోటు గోల ఏమిటో చదివాను. మా ఒక్కళ్ల బాధ కాదిది. సోనీ వాళ్ల పీఎస్5 (ప్లేస్టేషన్ 5) 2020లో వచ్చినప్పుడు 825 జీబీ అన్నారు, అందులో వాడుకోడానికి మిగిలేది 667. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 512 జీబీ అన్నారు, మిగిలేది 364. 2017లో వచ్చిన నింటెండో వాళ్ల మొదటి స్విచ్‌లో అయితే మొత్తం కలిపి 32 జీబీయే. కొంత సిస్టమ్‌కి పోతుంది, కొన్ని మెషీన్లలో కొంత లెక్కలో పోతుంది, డిస్కు తయారు చేసేవాళ్లు జీబీని వెయ్యి ఎంబీ చొప్పున లెక్కేస్తే సాఫ్ట్‌వేర్ చాలాచోట్ల 1024 చొప్పున లెక్కేస్తుంది. ఆటలు మాత్రం ఉబ్బిపోతూనే ఉన్నాయి, ఒక్క కాల్ ఆఫ్ డ్యూటీయే 200 జీబీ దాటిన రోజులున్నాయి. మరి అదనంగా చోటు కొనుక్కుందామంటే, పీఎస్5 లోపల ఎస్‌ఎస్‌డీ అనే అదనపు డిస్కు పెట్టుకునే స్లాట్ మొదటి రోజు నుంచీ ఉన్నా, దాన్ని వాడుకోనిచ్చింది 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తోనే. ఎక్స్‌బాక్స్ సిరీస్‌కి దాని కోసమే చేసిన కార్డు కొనాలి. మామూలు యూఎస్‌బీ డిస్కు పెట్టుకోవచ్చు గానీ కొత్త ఆటల్ని అందులో దాచుకోవడమే, అక్కణ్ణుంచి ఆడటం కుదరదు.

ఇదంతా చదివి, వచ్చే నెల జీతం రాగానే ఒక ఎస్‌ఎస్‌డీ కొనేద్దామని ఈయనతో అన్నాను. సరేనన్నారు. అక్కడితో అయిపోవాల్సింది. కానీ సాయంత్రం గిన్నెలు సర్దుతున్నంత సేపూ వాడి ప్రశ్నే చెవిలో తిరుగుతోంది. ఆట తీసేస్తే ఊరు పోదు, సరే. మెషీనే పోతే? వైజాగ్ ఉప్పుగాలికి మా ఫ్రిజ్జు, ఏసీ ఇప్పటికే పాడయ్యాయి. మళ్లీ వెళ్లి సెట్టింగ్స్ అన్నీ వెతికితే, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకునే దారి మా దాంట్లో లేదు. క్లౌడ్‌లోకి, అంటే నెట్ ద్వారా కంపెనీవాళ్ల కంప్యూటర్లలోకి, పంపు అన్న బటన్ ఉంది, నొక్కితే మెంబర్‌షిప్ కొనమంటుంది. అక్కణ్ణుంచి నాకు చోటు సంగతి వెనక్కిపోయి అసలు కోపం ఇటు తిరిగింది.

అన్నయ్య మెమరీ కార్డు, ఆటల సేవ్‌లు దాచుకునే చిన్న కార్డు, గుర్తొచ్చింది. కాకినాడలో మా సందు చివర జిరాక్స్ షాపు మేడ మీద వీడియో గేమ్ పార్లర్ ఉండేది, మూడు టీవీలు, మూడు పీఎస్2లు, గంటకింత అని. పార్లర్ కార్డులో సేవ్ చేస్తే మర్నాటికి ఎవడో ఒకడు దాని మీదే తన ఆట సేవ్ చేసేవాడు. అందుకని అన్నయ్య సంక్రాంతి డబ్బులన్నీ పెట్టి సొంత కార్డు కొనుక్కున్నాడు. నల్లగా, అరచేతిలో సగం ఉండేది, 8 ఎంబీ అని దాని మీదే అచ్చు. ఎంబీ, జీబీ కాదు. వెనక ప్లాస్టరు ముక్క అంటించి పెన్నుతో తన పేరు రాసుకున్నాడు. స్కూలుకి వెళ్లేటప్పుడు జామెట్రీ బాక్సులో, వచ్చాక షర్టు జేబులో, పడుకునేటప్పుడు తలగడ కింద. నన్ను పట్టుకోనిచ్చేవాడు గానీ ఆ బంగారు రంగు పళ్ల వైపు వేలు పెట్టనిచ్చేవాడు కాదు. 2007లో ఇండియా వెస్టిండీస్ వెళ్లి ప్రపంచకప్‌లో మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చేసిందిగా, మా వీధంతా మొహాలు వేలాడేసుకుంది. అన్నయ్య మాత్రం క్రికెట్ 07 అనే వీడియో గేమ్‌లో ఇండియాకి టోర్నమెంటు గెలిపించి తీరతానని పట్టుపట్టాడు. రోజుకో మ్యాచ్, సేవ్, కార్డు జేబులో వేసుకుని ఇంటికి. ఎక్కడ ఏ పీఎస్2 ఉంటే అక్కడ ఆ కార్డు దూర్చి మొదలుపెట్టేవాడు, ఎవరినీ అడిగే పని లేదు, ఎవరికీ నెలనెలా కట్టే పని లేదు.

ఈ కార్డు ఎంత గొప్పదో, ఇప్పటివాళ్లు ఎంత అన్యాయం చేస్తున్నారో రాద్దామనే మొదలుపెట్టాను. కానీ రాస్తుంటే ఆ తరవాత జరిగిందీ గుర్తొచ్చింది, అది వదిలేస్తే అబద్ధమవుతుంది. ఎండాకాలం, కరెంటు కోతలు. సెమీఫైనల్ గెలిచి సేవ్ చేస్తున్నాడు, కార్డు తియ్యొద్దు, మెషీన్ ఆపొద్దు అని తెర మీద వస్తోంది, అప్పుడు పోయింది కరెంటు. వచ్చాక చూస్తే కార్డు ఫార్మాట్ చెయ్యమంటోంది. టోర్నమెంటు ఒక్కటే కాదు, అందులో ఉన్నవన్నీ పోయాయి. నాన్న మొదట తిట్టారు. రాత్రి వాడు అన్నం కలుపుతూ కూచుని ముద్ద నోట్లో పెట్టకుండా లేచిపోతే, "ఇలా తే, రేపు రేడియో షాపులో చూపిస్తా" అన్నారు. ఆ రేడియో మెకానిక్ పాపం దాని పళ్లు రబ్బరుతో రుద్ది రుద్ది తుడిచి ఇచ్చాడు. ఏమీ తిరిగి రాలేదు. ఆ వేసవంతా అన్నయ్య పార్లర్ మెట్లెక్కలేదు.

కాబట్టి క్లౌడ్ మీద నాకు కోపం ఉండకూడదు. ఆరోజుల్లో ఇంకోచోట ఒక కాపీ ఉంటే అన్నయ్య టోర్నమెంటు బతికేది. నా కోపం ఆ కాపీని పట్టుకుని బేరమాడటం మీద. ఆడింది మన పిల్లాడు, కట్టింది వాడు, డబ్బు పోసి కొన్న మెషీన్‌లో కూచుని ఉంది, దాన్ని బయటికి తెచ్చుకోవాలంటే వాళ్లకి కట్టాలి. బీరువా మనం కొనుక్కుని, తాళంచెవి షాపువాడి దగ్గర అద్దెకి తెచ్చుకున్నట్టుంది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ ఇవ్వడం చేతకాక కాదు, పీఎస్4లో ఉండేది, పీఎస్5 ఆటలకి ఆ దారి లేకుండా చేశారు. స్విచ్‌లో ఎస్‌డీ కార్డు పెట్టుకున్నా సేవ్ మాత్రం అందులోకి పోదు, క్లౌడ్‌కి డబ్బు కట్టాలి, కట్టినా స్ప్లాటూన్ 2 లాంటి కొన్ని ఆటలకి అసలు వర్తించదు. అదే ఎక్స్‌బాక్స్‌లో క్లౌడ్ సేవ్‌కి డబ్బు తీసుకోరు. ఒకళ్లు ఊరికే ఇవ్వగలిగినప్పుడు మిగతావాళ్లు ఇవ్వలేకపోవడం ఏమిటి?

పోనీ కట్టేద్దాం అనుకున్నా మా ఇంట్లో అది అంత తేలిక కాదు. అకౌంటు అన్నయ్య అక్కడ చేసిచ్చింది, అంటే అమెరికాది. ఇక్కడ కొన్న గిఫ్ట్ కార్డు అందులో చెల్లదు, మా బ్యాంకు కార్డు తీసుకోదు, దేశం మార్చుకోడానికి వీల్లేదట. కొత్తగా ఇండియా అకౌంటు తెరవమని హెల్ప్ చాట్‌లో అన్నారు. తెరిస్తే పాత అకౌంటులో కొన్న ఆటలూ, వాడి ఊరూ దీంట్లోకి రావు. అదే చాట్‌లో మూడుసార్లు మూడు రకాలుగా అడిగినా అదే పేరా అతికించారు. ఇళ్లల్లో సగం మంది అక్కడ, సగం మంది ఇక్కడ ఉండే మనలాంటివాళ్లు ఇన్ని లక్షల మంది ఉంటే, ఒక మనిషి దేశం మారొచ్చు, ఒక మేనమామ మేనల్లుడికి ఆట కొనిపెట్టొచ్చు అన్న ఆలోచనే ఎవరికీ రాలేదా!

ఇంకోటి, కట్టినంత మాత్రాన అంతా భద్రం అని కూడా కాదు. 2011 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లో హ్యాకర్లు పడి 7.7 కోట్ల అకౌంట్ల వివరాలు పోయాయి, మూడు వారాలకి పైగా సర్వీసే లేదు. నింటెండో వాళ్ల పాత కన్సోల్ 'వీ' (Wii) ఆన్‌లైన్ షాపు 2019 జనవరి 30న మూసేశారు, వాళ్లవే 3డీఎస్, వీ యూ మెషీన్ల ఆన్‌లైన్ ఆటలు 2024 ఏప్రిల్‌లో ఆపేశారు, ఎక్స్‌బాక్స్ 360 స్టోరు అదే ఏడు జులై 29న. అయితే 2021లో సోనీ వాళ్లు తమ పాత మెషీన్లు పీఎస్3, వీటాల స్టోర్లు మూసేస్తామని మార్చిలో ప్రకటించి, జనం గట్టిగా అడిగితే ఏప్రిల్‌లో వెనక్కి తగ్గారు. అడిగితే వింటారన్నమాట. అందుకే మా కన్సోల్ వాళ్ల ఫీడ్‌బ్యాక్ పేజీలో సేవ్‌లని పెన్‌డ్రైవ్‌లోకి ఇమ్మని ఇందాకే రాశాను, ఇలాంటి మెషీన్ ఇంట్లో ఉన్న ప్రతివాళ్లూ రాయండి.

ఎస్‌ఎస్‌డీ ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాం. చోటు చాలకపోతే ఏదో ఒక ఆట తీసి మళ్లీ దించుకుంటాం, చికాకే గానీ ఏదీ పోదు. ఆ డబ్బు అన్నయ్యకి పంపి వాడి బ్యాంకు కార్డు మీద ఏడాది మెంబర్‌షిప్ కట్టించుకోవాలి, అది నాకు ఇష్టం లేకపోయినా సరే, ముందు ఆ ఊరు ఇంకోచోట కూడా ఉండాలి. వాళ్లకి ఇప్పుడు మధ్యాహ్నమే, మెసేజ్ పెట్టాను, బ్లూ టిక్కులు పడ్డాయి, "కడతా గానీ డబ్బులు పంపితే ఊరుకోను" అని రాశాడు.